పేదవాని గడియారము: జార్జి ఫ్రెడెరిక్ రోస్కోఫ్ జీవితము

కాలము విలువైనదని పెద్దలు మనకు నిత్యము బోధించుచుందురు. కాని ఆ కాలమును కొలిచి చూచుకొను సాధనము సామాన్యుని చేతికి వచ్చి యెంతో కాలము కాలేదు. పందొమ్మిదవ శతాబ్దపు నడిమి భాగమున జేబు గడియారము కలవారి సొత్తు. వెండి మూతతో, బంగారు గొలుసుతో నది హోదాకు గుర్తుగా నుండెడిది. కర్మాగారమున పనిచేయు కూలివాడు గంట మ్రోగిన పనికి పోవలెను. గంట మ్రోగిన యింటికి రావలెను. ఆ గంట సరియైన వేళకే మ్రోగినదో లేదో తెలిసికొనుటకు వానికడ వేఱొక సాధనము లేదు. యజమాని గడియారము చెప్పినంత పొడుగు వాని పగలు.

అట్టి కూలివాని జేబులో నమ్మదగిన గడియారము నొకదాని నుంచవలెనని సంకల్పించి, తన యేబదినాలుగవ యేట దానిని నెఱవేర్చినవాడు జార్జి ఫ్రెడెరిక్ రోస్కోఫ్. ఆయన రాజు కాడు, సేనాని కాడు, విశ్వవిద్యాలయమున చదివిన శాస్త్రజ్ఞుడును కాడు. గడియారముల వ్యాపారమున జీవితమంతయు గడపి, లాభనష్టములు రెండును చవిచూచిన గృహస్థు. అయినను గడియారముల చరిత్రను వ్రాయువారు ఆయన పేరును విడిచి వ్రాయజాలరు. ఆయన జీవితమును మా విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును సంగ్రహముగా తెలుపబూనితిమి.

రోస్కోఫ్ 1813వ సంవత్సరము మార్చి 15వ తేదీన జర్మను భాష మాటలాడు బేడెన్ సంస్థానమందు, నీడర్వైలర్ అను చిన్న గ్రామమున జన్మించెను. ఆ యూరు బ్లాక్ ఫారెస్టు అను కొండసీమ అంచున నున్నది. ఆ సీమవారు కొయ్యతో గోడ గడియారములు చేయుటలో పేరు పొందినవారు. 1829లో, పదునాఱవ యేట, ఆ బాలుడు ఇల్లు విడిచి స్విట్జర్లండులోని లా షో ద ఫోన్ అను పట్టణమునకు పోయెను. అచ్చటి వారి భాష ఫ్రెంచి. ఆ భాష నేర్చుకొనుటయు, వ్యాపారపు పద్ధతులు తెలిసికొనుటయు ఆయన పోయిన కారణములు. ఇనుప సామానులును, గడియారపు పనివారికి కావలసిన సరకులును అమ్ము నొక దుకాణమున చేరి పని నేర్చెను.

ఇంట నొక భాష, వీథిలో నొక భాష వినుచు పెరుగుట యెట్టిదో మా పాఠశాల పిల్లలకు వేఱుగా చెప్పనక్కఱలేదు. క్రొత్త భాష నేర్చువాడు ప్రతి వస్తువునకును పేరడిగి తెలిసికొనవలెను. గడియారపు దుకాణమున నట్లు నేర్చిన బాలునకు ఏ భాగము దేనికి పనికివచ్చునో, దాని వెల యెంతో మొదటినుండియు తెలియుట సహజము. ఆ తెలివి యాయనకు ముప్పదియేండ్ల తరువాత అక్కఱకు వచ్చెను.

ఆ పట్టణమును గుఱించియు కొంత తెలిసికొనవలెను. లా షో ద ఫోన్ జూరా కొండలలో, సముద్ర మట్టమునకు సుమారు వేయి మీటర్ల యెత్తున నున్నది. అచ్చట చలికాలము దీర్ఘము, మంచు మిక్కుటము, పంటలు స్వల్పము. అందువలన జనులు చలికాలమున ఇండ్లలో కూర్చుండి గడియారపు భాగములు చేయుట కలవాటు పడిరి. 1794లో పెద్ద అగ్నిప్రమాదమున ఊరు కాలిపోగా, దానిని తిన్నని వీథులతో, గదులలోనికి వెలుతురు బాగుగా వచ్చునట్లు మరల కట్టిరి. ఒకరు చక్రములు, ఒకరు ముళ్ళు, ఒకరు పై డబ్బాలు, ఒకరు స్ప్రింగులు చేయుచుండిరి. వీనినన్నిటిని సేకరించి, కూర్పించి, అమ్మువాడు వేఱొక వ్యాపారి. కారల్ మార్క్సు తన ‘పెట్టుబడి’ గ్రంథమున ఈ యూరినంతను ఒకే యొక గడియారపు కర్మాగారముగా నెంచెను. గడియారపు పనికొఱకే తీర్చిన పట్టణమని 2009లో యునెస్కో సంస్థ దీనిని ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చినది.

రోస్కోఫ్ దుకాణపు పనితో తృప్తిపడక, గడియారపు పనిని కూడ ఒక పనివానికడ అభ్యసించెను. 1835లో ఫ్రాన్స్వాజ్ లొరిమియే అను వితంతువును వివాహమాడి, ఆమె ధనసహాయముతో సొంత వ్యాపారమును ఆరంభించెను. నాణ్యమైన గడియారములను కూర్పించి దూరదేశములకు పంపుచుండెను. పదునైదేండ్లు శ్రమించినను వ్యాపారము ఆశించిన లాభము నీయలేదు. 1850లో దాని నమ్మివేసి, మఱియొక సంస్థవారి శాఖకు నిర్వాహకుడుగా చేరెను. 1855లో తన కుమారునితోను, హెన్రీ ఎడ్వర్డు గిండ్రో అను నిపుణునితోను కలిసి మరల సొంతముగా నొక సంస్థను స్థాపించెను. అదియును ఎక్కువ కాలము నిలువలేదు. భాగస్వాములు ఎవరి దారిని వారు పోయిరి.

సామాన్యుడైనచో ఇంతటితో ఆశ విడిచి యుండును. రోస్కోఫ్ వయస్సు అప్పటికి యేబదికి దగ్గఱపడుచున్నది. కాని 1860 ప్రాంతమున ఆయన మనస్సున నొక క్రొత్త ఆలోచన నాటుకొన్నది. గట్టిదియు, సరిగా నడుచునదియు నగు గడియారము నొకదానిని 20 ఫ్రాంకుల వెలకు అమ్మగలుగుట యెట్లు? ఆనాడు సామాన్య కూలివాని వారపు సంపాదన సుమారు అంత యుండెడిది. ఒక వారపు కూలితో ఒక గడియారము! ఆ పట్టణపు వ్యాపారులకు ఇది పిచ్చివాని మాటగా తోచుటలో వింత లేదు.

చౌక గడియారములు అంతకుముందు లేకపోలేదు. కాని అవి పేరునకు మాత్రము గడియారములు. మంచి గడియారముల నమూనానే తీసికొని, ప్రతి భాగమును నాసిగా చేసి, పైన మెఱుగు పెట్టి యమ్మెడివారు. పేదవాడు కూడబెట్టిన సొమ్ముతో దానిని కొనును. కొలది నెలలకే అది ఆగిపోవును. బాగుచేయించుటకు కొన్న వెలకు మించిన ఖర్చగును. రోస్కోఫ్ ఈ దారిని త్రొక్కలేదు. భాగములను నాసిగా చేయుటకు మాఱుగా భాగముల సంఖ్యనే తగ్గించవలెనని ఆయన నిశ్చయము. ఏది లేకున్నను కాలము తెలియునో దానిని తీసివేయవలెను. ఏది లేనిచో కాలము తెలియదో దానిని మాత్రము దృఢముగా చేయవలెను. ఆయన పని యంతయు ఈ యొక్క సూత్రమున ఇమిడియున్నది.

దీనిని బాగుగా గ్రహించుటకు గడియారము నడుచు విధమును కొంచెము చెప్పెదము. గడియారమునకు బలమిచ్చునది చుట్టలు చుట్టిన ఉక్కు స్ప్రింగు. అది యొక గుండ్రని డబ్బాలో నుండును. మనము కీ యిచ్చునప్పుడు దానినే బిగించుచున్నాము. బిగించిన స్ప్రింగు ఒక్కసారిగా విప్పుకొనజూచును. అట్లు విడిచినచో ముళ్ళు గిఱ్ఱున తిరిగి, కొలది క్షణములలో అంతయు ఆగిపోవును. కావున కడపటి చక్రపు పండ్లను ఒక్కొక్కటిగా మాత్రమే విడుచుట కొక చిన్న మీట యుండును. ఊగుచక్రము అటు నిటు ఊగినప్పుడెల్ల ఆ మీట యొక పంటిని విడిచి మఱియొక పంటిని పట్టుకొనును. మనకు వినవచ్చు టిక్ టిక్ అను చప్పుడు అదియే.

మంచి గడియారములలో ఆ మీట కొనలందు కెంపురాళ్ళు పొదుగుదురు. అవి యరుగవు, కాని వానిని కోసి, నునుపు చేసి, సరిగా అమర్చుటకు నేర్పరియైన పనివాడును, ఎంతో కాలమును కావలెను. రోస్కోఫ్ రాళ్ళ స్థానమున రెండు సన్నని ఉక్కు చీలలను నిలిపెను. ఈ యుపాయమును ఆయన క్రొత్తగా కనిపెట్టలేదు. అంతకు అఱువదియేండ్లకు పైగా ముందే ఫ్రాన్సు దేశపు బెజాన్సాన్ నగరమున లూయీ పెర్రాన్ అను గడియారపు పనివాడు దీనిని కల్పించి యుండెను. మూలబడిన ఆ యుపాయమును తగిన పనికి వినియోగించుటయే రోస్కోఫ్ ప్రజ్ఞ. మఱియు ఈ మీట, ఊగుచక్రము మొదలగువానిని వేఱొక చిన్న పలకపై బిగించెను. దానిని విడిగా తయారు చేసి, సరిచూచి, పిమ్మట గడియారమున చేర్చవచ్చును.

రెండవ మార్పు ఇంకను సాహసమైనది. సాధారణమైన గడియారమున నట్టనడుమ నొక చక్రము గంటకొకసారి తిరుగుచుండును. నిమిషముల ముల్లును త్రిప్పునది అదియే. రోస్కోఫ్ ఆ నడిమి చక్రమును పూర్తిగా తీసివేసెను. అందువలన మిగిలిన తావున స్ప్రింగు డబ్బాను నడిమి భాగమును దాటునంత పెద్దదిగా చేసి, ముళ్ళను త్రిప్పు పనిని ఆ డబ్బాకే అప్పగించెను. డబ్బా పెద్దదగుటచే బలమైన స్ప్రింగును పెట్ట వీలు కలిగెను. బలమైన స్ప్రింగుండుటచే చక్రములు మిక్కిలి సున్నితముగా లేకున్నను గడియారము ఆగక నడచును. ఒక చక్రమును తీసివేయుటచే ఖర్చును తగ్గెను, బలమును పెరిగెను.

ఇట్లు తగ్గింపగా తగ్గింపగా ఆ గడియారమునందలి మొత్తము భాగములు 57 అయ్యెను. నాటి సాధారణ గడియారమున నూటికి మించిన భాగము లుండెడివి. సెకండ్ల ముల్లు తీసివేయబడెను. తొలి గడియారములందు ముళ్ళను సరిచేయుటకు ప్రత్యేక యంత్రము లేదు, వ్రేలితోనే త్రిప్పుకొనవలెను. తొలుత డయలు సయితము అట్టతో చేయబడెను. పై డబ్బా వెండిది కాదు. మన యిండ్లలో పాత్రలకు వాడు జర్మను సిల్వరు వంటి తెల్లని మిశ్రలోహముతో చేసినది. దానిపై లతలు లేవు, చెక్కడములు లేవు. గడియారము లావుగా, గుండ్రముగా, నిరాడంబరముగా నుండెను. అయినను కీ యిచ్చుటకు విడి తాళపుచెవి అక్కఱలేకుండ, తలమీది బొడిపెను త్రిప్పిన చాలునట్లు చేసెను. తాళపుచెవి పోగొట్టుకొనిన పేదవాని గడియారము నిలిచిపోవును గదా! పేదవానికి అక్కఱలేని సొగసును తీసివేసినవాడు, వానికి అక్కఱయైన సౌకర్యమును తీసివేయలేదు.

ఆలోచన సిద్ధమైనను, దానిని చేయించుట సులభము కాలేదు. లా షో ద ఫోన్ పట్టణపు పనివారు వెండి బంగారములకు అలవాటుపడినవారు. తెల్లలోహపు డబ్బాలు చేయుట తమ గౌరవమునకు తక్కువయని వారు తలచిరి. ఇట్టి చౌక సరకు బయలుదేరిన తమ పనికి ధర పడిపోవునని భయపడిన వారును కలరు. వారి భయమును పూర్తిగా తప్పు పట్టలేము. వారి కుటుంబముల కూడు ఆ పనిమీదనే యాధారపడి యుండెను. కాని కూలివారి అవసరమును గుర్తించి చేసిన ప్రయత్నమునకు చేతిపనివారే అడ్డు నిలుచుట విచారకరము. రోస్కోఫ్ వారితో వాదులాడలేదు. మాలెరె మొదలగు ఇతర గ్రామములందు తన మాట విన్నవారిని వెదకి, భాగములను వేఱువేఱు చోట్ల చేయించెను. 1867 నాటికి గడియారములు అంగడికి వచ్చెను. వానికి ఆయన పెట్టిన పేరు శ్రామికుని గడియారము. బంగారు పేర్లు, రాజుల పేర్లు పెట్టుకొను వ్యాపారమున శ్రామికుని పేరు పెట్టుట చిన్న సాహసము కాదు. పైని చెప్పిన మార్క్సు గ్రంథపు తొలి సంపుటమును 1867లోనే వెలువడుట గమనింపదగినది.

ఆ సంవత్సరమే పారిసు నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనమున రోస్కోఫ్ గడియారమునకు కంచు పతకము లభించెను. గొప్ప గొప్ప సంస్థల అలంకార వస్తువుల నడుమ ఈ మోటు గడియారము గౌరవము పొందుట సామాన్యము కాదు. క్రమముగా గిరాకి పెరిగెను. సొంత ఊరివారు చేయమన్న వస్తువును కొనుటకు పరదేశములవారు ముందుకు వచ్చిరి.

కాని కీర్తి వెంట నకళ్ళును వచ్చెను. రోస్కోఫ్ 1868లో ఫ్రాన్సు దేశమున తన నిర్మాణమునకు పేటెంటు పొందెను. స్విట్జర్లండున మాత్రము అట్టి హక్కు పొందుటకు మార్గము లేదు. అచ్చట పేటెంటుల చట్టము 1888లో గాని పుట్టలేదు. అందువలన ఇరుగుపొరుగు వ్యాపారులు నిర్భయముగా ఆయన పద్ధతిని అనుకరించిరి. కొందఱు ఆయన పేరునే కొలదిగా మార్చి, అక్షర మొకటి చేర్చియో తీసివేసియో తమ గడియారములపై ముద్రించుకొనిరి. వానిలో గట్టివియు నుండెను, నాసివియు నుండెను. నాసి గడియారముల వలన కలిగిన చెడ్డపేరు ఆయన పేరునకే అంటుకొనెను. నాణ్యమైన చౌక వస్తువు చేయవలెనని జీవితమును ధారపోసిన వాని పేరు, కొన్ని చోట్ల నాసి గడియారమునకే మాఱుపేరగుట విధి వైపరీత్యము.

1870 తరువాతి సంవత్సరములలో రోస్కోఫ్ తన వ్యాపారమును ఇతరుల కప్పగించి విశ్రాంతి గైకొనెను. కుమారుడు గడియారముల పని సాగించెను. రోస్కోఫ్ కడపటి కాలమును బెర్ను నగరమున గడపి, 1889లో, డెబ్బదియాఱవ యేట కన్నుమూసెను. స్వదేశమున పేటెంటుల చట్టము వచ్చినది ఆయన మరణమునకు ఒక్క సంవత్సరము మాత్రమే ముందు.

ఆయన గడియారము జేబులో నుండునది. ఇరువదవ శతాబ్దమున గడియారము జేబునుండి మణికట్టునకు మాఱినప్పుడు, ఉక్కు చీలల పద్ధతియు దానితోపాటు మాఱెను. స్విట్జర్లండునను ఇతర దేశములందును చేయబడిన చౌక చేతి గడియారములు లెక్కకు మిక్కిలిగా ఆ పద్ధతినే నడచెను. పిల్లల మొదటి గడియారము, పనివాని గడియారము అనేక దేశములలో అదియే. దానికి లోపములు లేకపోలేదు. ఉక్కు చీలలు కెంపులవలె నిలువక అరుగును; కాలమును కెంపుల గడియారమంత కచ్చితముగా చూపవు. 1969లో జపానువారు క్వార్ట్జు చేతి గడియారమును వెలువరించిరి. పిమ్మట వాని వెల పడిపోగా, స్ప్రింగుతో నడుచు చౌక గడియారముల కాలము ముగిసెను.

మనము నివసించు కర్ణాటక రాష్ట్రమునకును ఇట్టి ప్రయత్నముతో సంబంధము కలదు. 1961లో ప్రభుత్వ సంస్థయగు హెచ్.ఎం.టి. వారు జపాను దేశపు సిటిజన్ సంస్థవారి సహకారముతో బెంగుళూరున చేతి గడియారముల కర్మాగారమును స్థాపించిరి. వారి గడియారములలో నొకదాని పేరు జనతా. అది రోస్కోఫ్ పద్ధతిది కాదు, కెంపురాళ్ళు కలదియే. కాని దాని పేరును, దాని యుద్దేశమును శ్రామికుని గడియారమునే గుర్తుకు తెచ్చును. పెండ్లికొడుకునకు కట్నముగను, పరీక్షలో నెగ్గిన కుమారునకు బహుమానముగను ఆ గడియారములు ఎన్నో యిండ్లలో ప్రవేశించెను. 2016లో ప్రభుత్వము ఆ గడియారముల సంస్థను మూసివేయ నిర్ణయించెను. అయినను వాని నిప్పటికిని భద్రపఱచుకొని, దినము తప్పక కీ యిచ్చుకొను పెద్దలు మన నడుమ ఉన్నారు.

2013లో స్విట్జర్లండుననే స్వాచ్ సంస్థవారు క్రొత్త చేతి గడియారము నొకదానిని ప్రకటించిరి. అది బ్యాటరీతో గాక స్ప్రింగుతో నడుచును. చేయి కదలికచే తనంత తానే కీ యిచ్చుకొనును. దాని యంత్రమున మొత్తము భాగములు 51. మధ్యనున్న మర ఒక్కటియే. మనుష్యుల చేయి తగులకుండ యంత్రములే దానిని కూర్చును. ముదురు రంగులతో, లోపలి యంత్రము వెనుకనుండి కనబడునట్లు చేసిన ఆ గడియారము చూచుటకు రోస్కోఫ్ మోటు గడియారమును పోలదు. కాని భాగములను తగ్గించిననే వెల తగ్గునని నూటయేబది యేండ్ల క్రిందట ఆయన పట్టిన సూత్రమే అందును పనిచేయుచున్నది.

బాలబాలికలారా! రోస్కోఫ్ జీవితమునుండి మనము గ్రహింపదగినవి రెండు. మొదటిది, ఓటమి వయస్సునకు లోబడినది కాదు, గెలుపును అంతియే. రెండు వ్యాపారములు చెడిన పిమ్మట, యేబదియేండ్లు దాటిన తరువాతనే ఆయన తన ముఖ్యమైన పనిని సాధించెను. రెండవది, పేదవానికి చేయు వస్తువును అశ్రద్ధగా చేయరాదు. కలవాడు ఒక గడియారము చెడిన మఱియొకటి కొనగలడు. లేనివానికి ఉన్నది ఒక్కటియే. కనుక ఎక్కువ శ్రద్ధతో చేయవలసినది పేదవాని వస్తువునే. మీలో కొందఱు రేపు యంత్రములు చేయుదురు, కొందఱు ఇండ్లు కట్టుదురు, కొందఱు పాఠములు చెప్పుదురు. ఏ పని చేసినను అక్కఱలేని సొగసును విడిచి, అక్కఱయైన గట్టిదనమును విడువకుండుట నేర్చుకొనుడు. పదునాఱవ యేట పరభాషా ప్రాంతమునకు పోయి పని నేర్చిన యొక గ్రామీణ బాలుడు అట్లు చేయుటచేతనే, లక్షలకొలది శ్రామికులు తమ పగటి పొడుగును తామే కొలుచుకొనగలిగిరి.